మస్టరు పట్టిన మనిషి

పాలమూరు పల్లెల్లో ఉపాధి హామీ పనిని ఇన్నేళ్ళ తర్వాత కూడా చాలామంది 'కరువు పని' అనే అంటారు. ఆ పేరు ఊరికే నిలవలేదు. గుట్ట కింద కందకం తవ్వినా, చెరువులో పూడిక తీసినా, చేనుకు గట్టు పోసినా లెక్క కూలి దగ్గర మొదలై కూలి దగ్గరే ఆగుతుంది. తవ్విన కందకంలో నీళ్ళు నిలిచాయా, నాటిన మొక్క మూడో ఎండాకాలం దాటిందా అని అడిగేవాళ్ళు తక్కువ. అడగగలిగిన మనిషి, జవాబు తెలిసిన మనిషి పనిచోటే ఉంటుంది. చేతిలో హాజరు రాసే మస్టరు, ఇప్పుడైతే దానికి తోడు సెల్‌ఫోను, చుట్టూ ముప్పై నలభై మంది. ఆ మనిషిని మేటు అంటున్నాం. అంతకుముందు మేస్త్రీ అన్నాం. ఇంకా ముందు నీరటి అన్నాం. అడవిలోకి వెళితే వాచరు అంటాం. దెబ్బతిన్న నేలను బాగుచేసే పనిలో గుంపును నడిపిన ఈ మనుషుల సంగతి వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల చుట్టుపక్కల ఎలా సాగిందో ఒకచోట పెట్టి చూడాలన్నది ఈ వ్యాసం పని.

2016 అక్టోబరు 11న పాలమూరు అని పిలిచే పాత మహబూబ్‌నగర్ నుంచి విడివడిన ఈ మూడు జిల్లాలూ ఒకే రకం నేల కావు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నడిగడ్డలో నల్లరేగడి ఎక్కువ. వనపర్తి వైపు ఎర్ర చెల్కలు, రాతి గుట్టలు, వాటి కింద గొలుసుకట్టు చెరువులు. నాగర్‌కర్నూల్ తూర్పున నల్లమల. కాబట్టి బాగుచేసే పని కూడా మూడు తీర్లుగా ఉంటుంది. చెరువు పని, వాలు మీది పని, అడవి పని. ఈ మూడింటినీ ఒకే మస్టరులో, ఒకే కొలతలో ఇరికించాలని చూడటం దగ్గరే మన ఇబ్బందులు చాలామటుకు మొదలయ్యాయి.

ముందు చెరువు. వనపర్తి సంస్థానం కాలంలో చెరువులకు సముద్రాలని పేరు పెట్టుకున్నారు. శ్రీరంగాపురం గుడిని ఆనుకుని ఉన్న రంగసముద్రం అలాంటిదే. ఇవాళ రంగసముద్రం, శంకరసముద్రం భీమా ఎత్తిపోతలలో భాగమై రిజర్వాయర్లు అనిపించుకుంటున్నాయి. చెరువును తవ్వించినవాళ్ళ పేర్లు శాసనాల్లో ఉంటాయి, నిలబెట్టినవాడి పేరు ఎక్కడా ఉండదు. వాడే నీరటి. తూము తెరవడం, మూయడం, ఏ మడికి ఏ పూట నీళ్ళో చెప్పడం, కట్ట మీద తిరుగుతూ ఎలుక బొరియలూ ఊటలూ కనిపెట్టడం అతని పని. దానికి కొంత మాన్యమో, కళ్ళం దగ్గర కొన్ని కుంచాల గింజలో ముట్టేవి. కట్టకు ముప్పు వచ్చిన రాత్రి ఊరిని లేపేదీ, ఎవరు ఎక్కడ నిలబడి మట్టి పోయాలో చెప్పేదీ అతనే. మట్టి పని, రాతి పని వడ్డెర గుంపులది. తవ్విన గుంతలో లోతు కొలవడానికి నడిమిట్ల ఒక మట్టి దిమ్మెను తవ్వకుండా వదిలే పద్ధతి మట్టిపని చేసేవాళ్ళందరికీ తెలుసు. తర్వాత వచ్చిన ఇంజనీర్లూ దాన్నే వాడుకున్నారు. ఆ దిమ్మెకు ఒక గుణముంది. కొలిచేవాడూ, తవ్వినవాడూ ఇద్దరూ చూసి ఒప్పుకోవలసిందే.

ఆ కాలం న్యాయమైనదేమీ కాదు. నీరటి పని ఏ కులాలకు అంటగట్టారో, వడ్డెరల బతుకు ఎంత కష్టమో మరిచి గతాన్ని మురిపెంగా చెప్పుకోవడం నాకు నచ్చదు. నాకు కావలసిన ముక్క ఒక్కటే. పని అయిపోయాక కూడా ఆ చెరువు దగ్గరే ఉండే మనిషి ఒకడు ఉండేవాడు. ఈ ఏడు పూడ్చిన గండి వచ్చే ఏడు ఎలా ఉందో చూసేది అతనే.

2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులను లెక్కలోకి తెచ్చింది. నేటి కాలంలో చెరువు గురించి ఇంత పెద్ద ఆలోచన చేసిన మరో రాష్ట్ర కార్యక్రమం తెలుగునాట లేదనే చెప్పాలి. పూడిక మట్టిని రైతులే ట్రాక్టర్లతో చెల్కలకు తోలుకున్నారు. తూములు, అలుగులు బాగుపడ్డాయి. తవ్వింది మాత్రం జేసీబీలు. అంత మట్టిని తట్టలతో ఎత్తలేమన్న వాదన నిజమే. ఎత్తనక్కరలేదు కూడా. అయితే జేసీబీ వెళ్ళిపోయాక చెరువు శిఖంలో మళ్ళీ మొలిచిన సర్కారు తుమ్మను ఎవరు చూస్తున్నారు? సర్కారు తుమ్మను నేల మీద కోస్తే మోడు నుంచి నాలుగింతలుగా చిగురిస్తుంది. కింద, వేరు మెడ దగ్గర మొగ్గలుండే భాగంతో సహా పెకలించాలి. అదీ కాయ రాలకముందే. కాయ పండితే పశువులు తిని పేడతో ఊరంతా చల్లి వస్తాయి. ఇది జేసీబీతో ఒకసారి చేసి వదిలేసే పని కాదు. ఐదారుగురు గుంపుగా ఏటా రెండుసార్లు తిరిగి చేయాల్సిన పని, ఏ వేళ ఎక్కడ తిరగాలో తెలిసిన ఒకరు ముందు నడవాల్సిన పని. పథకంలో అలాంటి మనిషికి చోటు లేదు. ఎత్తిపోతల కాలువలు వచ్చాక చెరువు నింపడం నీటిపారుదల శాఖ చేతికి పోయింది, కాలువ మీద ఉండేది లష్కరు. కాలువ లష్కరు చెరువు నీరటి కాలేడు. అతని చూపు షట్టరు మీద ఉంటుంది, కట్ట మీద కాదు.

ఇక మేస్త్రీ. ఈ మాట పోర్చుగీసు నుంచి వచ్చింది, అక్కడ దానర్థం పని నేర్చిన గురువు. పాలమూరుకు వచ్చేసరికి గురువుతో పాటు అప్పు ఇచ్చేవాడు కూడా అయ్యాడు. దేశంలో పెద్ద ఆనకట్టలు, కాలువలు కట్టిన కాలమంతా 'పాలమూరు లేబర్' అన్నది ఒక ముద్ర. నాగార్జునసాగర్, శ్రీశైలం మొదలు ఎక్కడెక్కడి రాష్ట్రాల కాలువల దాకా వీళ్ళ చేతి మట్టే. గుంపు మేస్త్రీ తన ఊళ్ళో, తన చుట్టాల్లో, తన వాడలో మనుషులను పోగుచేసేవాడు. అడ్వాన్సు ఇచ్చేవాడు. లెక్కకు మనిషి కాదు, జంట. మొగుడు గడ్డపార, పెళ్ళాం తట్ట. పైన కాంట్రాక్టరు మనిషిగా పెద్ద మేస్త్రీ, అతని పైన కంపెనీ. ఏడాదిలో ఎక్కువ నెలలు గుడిసెల్లో, ఊరికి వందల మైళ్ళ దూరంలో. ఈ వ్యవస్థ మీద పాలమూరు అధ్యయన వేదిక వంటి సంఘాలు రాశాయి, డేవిడ్ పిషెరి వంటి ఫ్రెంచి పరిశోధకులు వచ్చి ఏళ్ళ తరబడి చూసి రాశారు. అందరూ తేల్చిన మాట ఒకటే. అప్పే ఆ గుంపును కట్టి ఉంచిన తాడు. లెక్కలు చూపరు. ఆడవాళ్ళ కూలి మగవాడి ఖాతాలో పోతుంది. ఒక ఏటి బాకీ మరో ఏటి పనికి సంకెల అవుతుంది. 1976లో వెట్టి నిర్మూలన చట్టం, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చాక కూడా అది తెగలేదు.

ఈ విమర్శలో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కానీ మేస్త్రీకి తెలిసిన పని ఎంతో ఎవరూ రాయలేదు. ఎర్ర మొరంలో ఒక గడ్డపారకు ఎన్ని తట్టలు సరిపోతాయి, నల్లరేగడిలో ఎన్ని. తీసిన మట్టిని ఎంత దూరం మోయాలి, ఎంత ఎత్తు ఎక్కించాలి. 'లీడు', 'లిఫ్టు' అని ఇంజనీర్లు అనే ఆ రెండు లెక్కలూ అతనికి నోటికే వచ్చు. గర్భిణికీ ముసలామెకూ ఏ మూల పని ఇవ్వాలి. ఎవరి పక్కన ఎవరిని పెడితే కొట్లాట రాదు. మధ్యాహ్నం ఎండలో గుంపును ఎప్పుడు ఆపాలి, సాయంత్రం ఎంతసేపు లాగాలి. జ్వరమొచ్చినవాణ్ణి దవాఖానకు ఎవరు తీసుకుపోవాలి. వాన పడితే గుంత గోడ ఎన్నాళ్ళు నిలుస్తుంది. పరాయి భాష ఊళ్ళో రెండు వందల మందిని ఎనిమిది నెలలు కలిపి ఉంచడం చిన్న విద్య కాదు. అది దోపిడీతో కలగలిసి ఉంది కనుక దోపిడీని తీసేసినప్పుడు ఆ విద్యా దానితోపాటే చెత్తబుట్టలో పడింది.

2005 ఉపాధి హామీ చట్టం కాంట్రాక్టర్లను నిషేధించింది. మనుషుల పనిని లాక్కునే మిషన్లనూ నిషేధించింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ పథకాన్ని ప్రారంభించారు. మొదటి విడత 200 జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఉంది. మేస్త్రీ పోయి మేటు వచ్చాడు. చాలా చోట్ల వచ్చింది అనాలి. అప్పు లేదు, అడ్వాన్సు లేదు, కూలి పనిచేసిన మనిషి ఖాతాలోకే పోతుంది. ఆడవాళ్ళ పేరు మీద ఆడవాళ్ళ కూలి పడటం పాలమూరులో ఎంత పెద్ద మార్పో పట్నంలో కూర్చున్నవాళ్ళకు తెలియదు. 2010 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం శ్రమశక్తి సంఘాలు పెట్టింది. పది నుంచి ముప్పై మంది దాకా కలిసి పనిచేసేవాళ్ళు ఒక సంఘం, ఆ సంఘం నుంచే ఒక మేటు. కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు కనపడదు. గుంపును ఎవరో పోగుచేయడం కాకుండా గుంపే తన మనిషిని ఎంచుకోవడం కదా అది!

ఆచరణలో మేటు పని తలలు లెక్కపెట్టడమే అయింది. పొద్దున మస్టరులో టిక్కు, వారం చివర కొలతలు, సంతకాలు. కొలత టెక్నికల్ అసిస్టెంటు చేతిలో. పని ఎక్కడ చేయాలో నిర్ణయం పై ఆఫీసులో. మేటుకు మిగిలింది కూలీల తిట్లు. గుంపు మొత్తం తవ్విన ఘనపరిమాణానికి రేటు కట్టి తలా ఇంతని పంచుతారు కాబట్టి, గట్టి నేల వచ్చిన గుంపుకు 'రేటు పడదు'. అదే ఊళ్ళో మెత్తటి మట్టి దొరికిన గుంపుకు పూర్తి కూలి. ఎండాకాలం నేల గట్టిపడుతుందని ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నెలను బట్టి 20 నుంచి 30 శాతం దాకా వేసవి భత్యం కలిపేవారు. తెలివైన ఏర్పాటే. కానీ నేల గట్టిదనం నెలను బట్టే కాదు, గుట్టను బట్టి కూడా మారుతుందన్నది మేటు చెప్పగలిగే మాట. ఆమె చెబితే వినే కాలమ్ ఆ ఫారంలో లేదు.

మేటు పైన ఫీల్డ్ అసిస్టెంటు. ఊరికి పని తెచ్చేదీ, మస్టరు తీసేదీ ఈ మనిషే. 2020 మార్చిలో తెలంగాణలో ఏడు వేలకు పైగా ఫీల్డ్ అసిస్టెంట్లు సమ్మె చేసి, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. రెండేళ్ళకు పైగా ఆ పని పంచాయతీ కార్యదర్శుల నెత్తిన పడింది. 2022లో ప్రభుత్వం వాళ్ళను మళ్ళీ తీసుకుంది. సమ్మె దేని గురించో గుర్తుంచుకోవాలి. ఊళ్ళో ఎన్ని పనిదినాలు కల్పించారో దాన్ని బట్టి వాళ్ళ స్థాయీ జీతమూ నిర్ణయిస్తామన్న సర్క్యులర్ మీద. అంటే ఏ గుట్ట కింద నీరు నిలిచిందన్నది కాకుండా, ఎన్ని తలలు లెక్కకొచ్చాయన్నదే నాయకత్వానికి కొలబద్ద. 2023 జనవరి నుంచి వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప మిగతా అన్ని పనులకూ ఫోను యాప్‌లో రోజుకు రెండు ఫొటోలు తప్పనిసరి చేయడంతో ఆ లెక్క ఇంకా గట్టిపడింది. దొంగ పేర్లు తగ్గించడానికే పెట్టారు, కొంత తగ్గి ఉండవచ్చు. కానీ గుట్ట మీద సిగ్నలు దొరికే రాయి ఎక్కడుందో వెతికే మేటును చూస్తే జాలేస్తుంది. ఆమెకు తెలియాల్సింది నీరు పారే దారి.

సామాజిక తనిఖీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఉమ్మడి రాష్ట్రం ఈ పనిలో దేశానికి దారి చూపింది. గ్రామసభలో మస్టరు పేర్లు గట్టిగా చదివి 'నువ్వు పనికి పోయినవా' అని అడగడం చిన్న విప్లవం. మాయమైన కందకాలను అది పట్టుకుంది. ఉన్న కందకం పనిచేస్తోందా అన్నది మాత్రం దాని ప్రశ్నావళిలో ఎప్పుడూ పెద్దగా లేదు.

వాలు మీది పనిలో అసలు కిటుకంతా ఆ ప్రశ్నలోనే ఉంది. హనుమంతరావు కమిటీ 1994లో ఇచ్చిన నివేదిక ఆధారంగా వచ్చిన వాటర్‌షెడ్ మార్గదర్శకాలు ఒక సూత్రం పట్టుకున్నాయి. పని గుట్ట మీంచి మొదలై కిందికి రావాలి. పైన పరుగెత్తే నీటిని పైనే నడిపించకపోతే కింద కట్టిన చెక్‌డ్యామూ నిలవదు, కుంటా పూడుతుంది. వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో తవ్విన కందకం మొత్తం పొడుగునా నీళ్ళు పట్టుకుంటుంది. మట్టం ఒక జానెడు తప్పినా నీరంతా ఒక కొసకు పరుగెత్తి అక్కడ తెగుతుంది. తెగినచోట కొత్త వాగు పుడుతుంది. మంచి కోసం తవ్విన కందకమే నేల కోతకు కారణమవుతుంది. మట్టం చూడటానికి పెద్ద పనిముట్లు అక్కరలేదు. రెండు కర్రలు కాళ్ళుగా, ఒక అడ్డకర్ర, మధ్యలో వేలాడే రాయితో చేసిన చట్రం చాలు. నీళ్ళు నింపిన ప్లాస్టిక్ గొట్టమైనా చాలు. ఒక్క వారంలో ఏ మేటుకైనా నేర్పవచ్చు. ఇన్ని లక్షల పనిదినాల మీద పెట్టిన ఖర్చులో ఆ వారం శిక్షణకు ఎంత పెట్టామో చూస్తే మన ప్రాధాన్యం ఏమిటో తెలుస్తుంది.

వనపర్తిలో 1959లో మొదలైన ప్రభుత్వ పాలిటెక్నిక్ పాత సంస్థానం రాజభవనంలోనే నడుస్తోంది. సర్వే చేయగలిగిన తరాలకు తరాలు అక్కడి నుంచి బయటికి వచ్చాయి. ఆ గేటు నుంచి చూస్తే కనపడే గుట్టల మీద కందకం తవ్వించే మనిషికి మాత్రం ఆ విద్యలో ఒక్క చెంచాడు అందలేదు. ఎండాకాలం సెలవుల్లో ఆ గదులు ఖాళీగానే ఉంటాయి కదా అనిపిస్తుంది.

మహబూబ్‌నగర్ 1970ల నుంచే కరువు ప్రాంతాల కార్యక్రమంలో ఉంది. 1997లో ఉమ్మడి రాష్ట్రం పదేళ్ళలో కోటి హెక్టార్లకు వాటర్‌షెడ్ పనులంటూ బయలుదేరింది. 1999 తర్వాత బ్రిటిష్ సాయంతో నడిచిన గ్రామీణ జీవనోపాధుల కార్యక్రమం ఈ జిల్లాలోనూ సాగింది. అందులో భాగంగానే ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు మెంటపల్లి, శ్రీపురం, మల్లెబోయినపల్లి వంటి ఊళ్ళలో మట్టి పరీక్షలు చేయించి, జింకు, బోరాన్, గంధకం ఎంత కొరవడ్డాయో చూపారు. ఆ మంచి ఊళ్ళలోనూ ఒక నడక కనిపిస్తుంది. ప్రాజెక్టు ఉన్న నాలుగైదేళ్ళు కమిటీ ఉంటుంది, గుంపు ఉంటుంది, ముందు నడిచేవాళ్ళు తయారవుతారు. ప్రాజెక్టు ముగిసిన మర్నాటి నుంచి వాళ్ళు మళ్ళీ కూలీలే. నిర్వహణకని జమచేసిన నిధి బ్యాంకులో ఉంటుంది, దాన్ని ఖర్చుపెట్టి గట్టు సవరించమని ఎవరికి చెప్పాలో ఎవరికీ తెలియదు.

ఇంకో చిక్కుంది, అది ఇంజనీరింగుకు అందనిది. గుట్ట పైభాగంలో ఉండేవి ఎక్కువగా పేదలకిచ్చిన అసైన్డ్ చెల్కలు. కింద, చెరువు ఒడిలో ఉండేవి ఉన్నవాళ్ళ మడులు. పైన పనిచేస్తే లాభం కిందికి పోతుంది. కింద పని అడిగేవాడి గొంతు పెద్దది. ఎస్సీ వాడ నుంచి వచ్చిన మేటు 'ముందు పైన తవ్వుదాం' అనగలగాలంటే ఆమె వెనుక సంఘం ఉండాలి, చేతిలో ప్లాను ఉండాలి, ఆ ప్లాను ఆమెకు చదివి వినిపించి ఉండాలి. ఈ మూడూ కలిసిన ఊళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

2019 ఏప్రిల్ 10. నారాయణపేట జిల్లా మరికల్ మండలం తీలేరు. ఉపాధి పనిలో గుట్ట పక్కన కందకాలు తవ్వుతున్న ఆడకూలీలు ఎండకు తాళలేక మట్టి దిబ్బ నీడన కూర్చున్నారు. దిబ్బ కూలింది. పదిమంది చనిపోయారు. వనపర్తికి ఎంతో దూరం కాని ఊరు, అదే పాలమూరు ఎండ, అదే ఎర్ర మట్టి. చట్టం ప్రకారం పనిచోట నీడ, తాగే నీళ్ళు, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి, చంటిపిల్లలను చూసే మనిషి ఉండాలి. ఈ సౌకర్యాలను మన రిపోర్టులు సంక్షేమం పద్దు కింద రాస్తాయి. తీలేరు తర్వాత అలా రాయకూడదు. నీడ లేనిచోట మనిషి దొరికిన నీడకు పోతుంది, దొరికే నీడ ఎప్పుడూ తవ్విన గోడ కిందే ఉంటుంది. తవ్విన గోడకు దూరంగా మట్టి పోయించడం, గోడను నిట్టనిలువుగా వదలకపోవడం, తడిసి ఆరిన మట్టిలో పగుళ్ళు చూడటం, గుంపును దాని కిందికి పోనివ్వకపోవడం గుంపు నడిపేవాళ్ళ మొదటి విద్య. పాత మేస్త్రీలకు అది తెలుసు. నేడు అది ఎవరు ఎవరికి నేర్పుతున్నారు?

అడవిలో మరో కథ. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం రాష్ట్ర విభజన తర్వాత నాగార్జునసాగర్-శ్రీశైలం నుంచి విడిగా నిలిచింది. నాగర్‌కర్నూల్ వైపు దాని కాపలా అంతా బేస్ క్యాంపుల మీద ఉంది. ఒక్కో క్యాంపులో కొద్దిమంది వాచర్లు, వాళ్ళలో చాలామంది చెంచులు. చలి తగ్గుతుండగానే ఫైర్ లైన్ల పని మొదలవుతుంది. రోడ్ల వెంట, గుట్టల వెంట వెడల్పు పట్టీగా గడ్డి కోసి, గాలి చూసి అదుపులో కాల్చి, వేసవిలో మంట దాటకుండా ఖాళీ చేస్తారు. ఏ పూట కాల్చాలో తప్పితే లైనే అగ్గి అవుతుంది. శ్రీశైలం రోడ్డు మీద పోయేవాళ్ళు విసిరిన బీడీ ముక్కలు, ఇప్ప పువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకులు తగలబెట్టడం, రెండూ మంటకు మూలాలే. ఉపగ్రహం నుంచి మంట సమాచారం ఫోనుకు వస్తుంది నిజమే. ఆ చుక్క దగ్గరికి ఏ వాగు వెంట పోతే త్వరగా చేరతామో, ఏ వైపు నుంచి కొమ్మలతో కొడితే అణుగుతుందో ఫోను చెప్పదు.

ఇక్కడ ఒక పోలిక నన్ను చాలా రోజులుగా వదలడం లేదు. ఉపాధి పనిలో మేటు చేతి యాప్ తలలను ఫొటో తీస్తుంది. పులుల అభయారణ్యాల్లో వాచర్ల చేతి ఎమ్-స్ట్రైప్స్ యాప్ నడిచిన దారిని గీస్తుంది, దారిలో కనపడిన అడుగుజాడ, పెంటిక, నీటిగుంట, కోసిన చెట్టు నమోదు చేయమంటుంది. రెండూ నిఘా పెట్టే యంత్రాలే. ఒకటి మనిషి వచ్చాడా అని అడుగుతుంది, రెండోది ఏం చూశావని అడుగుతుంది. చూసిందేమిటని అడిగితే మనిషి చూడటం నేర్చుకుంటాడు. మేటు యాప్‌లోనూ పోయిన ఏడు తవ్విన కందకం ఫొటో ఒక్కటి అడిగి ఉంటే పని తీరే మారేదేమో.

అడవి పనిలో కూడా నేర్పు ఒక్క వేటు లోతులో ఉంటుంది. కలుపు పొద అయిన లాంటానాకు కొమ్మలు నరికితే పొద రెట్టింపవుతుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు బృందం వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతిలో, నేలకు కాస్త కిందగా చిగురు పుట్టే భాగం దిగువన తల్లివేరును నరికి, పొదను ఎత్తి తలకిందులుగా పెడతారు. మట్టి కదలడమూ తక్కువ, మళ్ళీ మొలవడమూ తక్కువ. మొదటి రోజు గుంపులో ప్రతి ఒక్కరి చేతా నాలుగు పొదలు తీయించి, వేరు చూసి, 'ఇది పైన పడింది, ఇది సరిగ్గా పడింది' అని చెప్పే మనిషి లేకపోతే హెక్టార్ల లెక్క రికార్డులో నిండుతుంది, మరుసటి వానకు లాంటానా అడవిలో నిండుతుంది.

చెంచు వాచర్ల గురించి రెండు మాటలు దాచకుండా చెప్పాలి. వాళ్ళ అడవి జ్ఞానాన్ని ఆకాశానికెత్తే వ్యాసాలు చాలా వచ్చాయి. వాళ్ళు శాశ్వత ఉద్యోగులు కారన్నది ఆ వ్యాసాల్లో చివరి పేరాలో ఉంటుంది. క్యాంపులో పదేళ్ళు పనిచేసిన వాచరు, కొత్తగా వచ్చిన బీట్ అధికారికి దారి చూపిస్తాడు, హోదా మాత్రం రోజుకూలీదే. పైగా సార్లపల్లి, కుడిచింతలబైలు వంటి ఊళ్ళను అడవి లోపలి నుంచి బయటికి తరలించే ప్రయత్నం ఏళ్ళుగా నడుస్తోంది. అడవిని ఎవరి కళ్ళతో కాపాడుకుంటున్నామో వాళ్ళ ఇళ్ళు అడవిలో ఉండకూడదని అనడంలో ఉన్న తకరారును అటవీశాఖ ఒక్కటే తేల్చలేదు. 2009లో ఉపాధి హామీ కింద చెంచులకోసం ప్రత్యేక ప్రాజెక్టు పెట్టినప్పుడు, మైదానం గుంపుల పద్ధతి వాళ్ళకు నప్పదని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు అక్కడితో ఆగకుండా మిగతా గుంపుల దాకా రావలసింది.

మొక్కల సంగతి త్వరగా చెప్పి పోతాను, ఎందుకంటే అందరికీ తెలిసినదే. 2015 జులై 3న మొదలైన హరితహారం రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి చేరుస్తామంది, లక్ష్యం 230 కోట్ల మొక్కలు. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన వాటిలో 85 శాతం బతకాలని సర్పంచు, కార్యదర్శుల మీద బాధ్యత పెట్టింది. శాతం మీద చట్టం చేయవచ్చు గానీ, మృగశిర మొదటి జల్లుకే తొందరపడకుండా నేల లోతుదాకా తడిసేవరకు ఆగమని చట్టం చెప్పలేదు. గుంత తవ్వేటప్పుడు పైమట్టి ఒక పక్క, కిందిమట్టి ఒక పక్క పోసి, నాటేటప్పుడు పైమట్టిని వేరు దగ్గర వేయడం గుంపు నడిపే మనిషి కళ్ళముందు జరగాల్సిందే. వనపర్తి చుట్టూ రోడ్ల పక్క బతికిన చెట్ల వరుసలు చూసినప్పుడల్లా అక్కడ ఏ మనిషి మూడేళ్ళు నీళ్ళు పోసి ఉంటుందా అనుకుంటాను.

బయటి ప్రపంచం ఈ సమస్యను ఎలా ఎదుర్కొంది? 1933 నుంచి 1942 దాకా అమెరికాలో సివిలియన్ కన్సర్వేషన్ కోర్ నడిచింది. అదీ కరువు పనే, మహా మాంద్యం నాటి నిరుద్యోగ యువకులకు. దాదాపు 30 లక్షల మంది పనిచేశారు, 300 కోట్లకు పైగా మొక్కలు నాటారు. శిబిరాలను సైన్యం నడిపింది, పనిని అటవీ, భూసంరక్షణ శాఖలు నడిపాయి. పట్నం కుర్రాళ్ళకు గొడ్డలి పట్టడం రాదని మొదటి నెలలోనే తెలిసిపోయి, ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి 'అనుభవమున్న స్థానికుల'ను విడిగా, మంచి జీతానికి తీసుకుని గుంపులకు ముందు నిలిపారు. ఆ హోదాకే ఒక పేరుండేది. మన దగ్గర స్థానికులకు కొదవ లేదు, గుంపులో అందరూ స్థానికులే. కొదవ ఆ హోదాకు.

దక్షిణాఫ్రికాది మనకు ఇంకా దగ్గరి పాఠం. 1995లో అక్కడి నీటి మంత్రి కాదర్ అస్మల్ హయాంలో 'వర్కింగ్ ఫర్ వాటర్' మొదలైంది. నీళ్ళు తాగేసే పరాయి చెట్లను పేద గుంపులతో కొట్టించడం. అక్కడ గుంపు నుంచే ఒకరిని చిన్న కాంట్రాక్టరుగా తయారుచేశారు. మన మేస్త్రీ అక్కడ చట్టబద్ధమయ్యాడన్నమాట, శిక్షణతో, లెక్కలతో. ఫలితం మిశ్రమం. చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్ళు, పని నడపడం నేర్చారు. కానీ కాంట్రాక్టుకూ కాంట్రాక్టుకూ మధ్య ఖాళీలు రావడంతో గుంపులు చెదిరి, రెండో విడత నరుకుడు ఆలస్యమై, కొట్టిన చెట్లు మళ్ళీ లేచాయి. తుమ్మకైనా లాంటానాకైనా ఆ ఖాళీయే శత్రువు.

నా అభిప్రాయం దాచను. మేస్త్రీని తిరిగి తేవాలని నేననడం లేదు, ఆ తాడు తెగడమే మంచిది. అయితే మేటును ఇలాగే ఉంచడమూ అన్యాయమే. గుంపు ఎన్నుకున్న మనిషిని కనీసం ఐదేళ్ళు అదే నీటివాలు మీద ఉంచాలి. కూలీల సంఖ్యతో ముడిపెట్టని నెల జీతం ఇవ్వాలి. మట్టం చూడటం, గోడ భద్రత, కలుపు వేరు లోతు నేర్పాలి. కొలత వేళ టెక్నికల్ అసిస్టెంటు పక్కన నిలబడి 'ఇక్కడ రాయి తగిలింది' అని రాయించే హక్కు ఇవ్వాలి. ఖర్చు పెద్దది కాదు. తెలంగాణలో ఉపాధి కూలి 2025-26కు రోజుకు 307 రూపాయలు. ముప్పై మంది గుంపు ఒక వారం తప్పు మట్టంలో తవ్విన కందకానికి అయిన కూలితో ఒక మేటు జీతం కొన్ని నెలలు నడుస్తుంది.

2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో కొత్తది తెచ్చింది. 100 రోజులను 125 అన్నది, ఖర్చులో రాష్ట్రాల వాటాను పెంచింది. చర్చంతా రోజుల మీద, పేరు మీద, వాటాల మీద నడిచింది. ఎత్తిపోతల నీళ్ళు వచ్చాక పాలమూరు నుంచి వలస తగ్గిందనీ, నాట్లకు ఇప్పుడు ఉత్తరాది కూలీలే వస్తున్నారనీ అంటున్నారు. నిజమే అయితే కరువు పనికి వచ్చే గుంపులో వయసు పెరుగుతుంది, ఆడవాళ్ళ పాలు ఇంకా పెరుగుతుంది. గడ్డపార బలం మీద నడిచే పనికి వాళ్ళు సరిపోరు. మట్టం చూడటం, మొక్క సాకడం, చిగురు తుమ్మ పెకలించడం, గట్టు సవరించడం వంటి చూపు బలం మీద నడిచే పనికి వాళ్ళకంటే తగినవాళ్ళు లేరు. పనుల జాబితాను అలా తిరగరాయాలంటే మొదట అడగాల్సింది మేట్లనే.

పనిచోట సిమెంటు బోర్డు ఒకటి పెడతారు. పని పేరు, మంజూరైన మొత్తం, పనిదినాలు అందులో ఉంటాయి. రెండు వానాకాలాలకు రంగు వెలిసి అక్షరాలు కనపడవు. పని నడిపించినదెవరో అందులో రాయరు. ఊళ్ళో అడిగితే మాత్రం చెబుతారు, ఫలానా వాడలో ఫలానా ఇల్లు అని. పోయి చూస్తే తలుపు వేసి ఉంటుంది. ఈ ఏడు ఆమెను మేటుగా తీసుకోలేదు. మస్టరులో కూలీగా వేసుకున్నారట, గుట్ట అవతలి వైపు పనికి పోయింది.